ముద్ద మింగని పిల్లలకు తినడం నేర్పించడం ఎలా

మా బాబుకి రెండేళ్లు దాటినా అన్నీ మిక్సీ పట్టే పెట్టాల్సి వచ్చేది, ఒక్క మెతుకు తగిలినా ఓకరించి తిన్నదంతా కక్కేసేవాడు. గారాబం ఎక్కువైంది, రెండు పూటలు మాడిస్తే వాడే తింటాడు అని ఇంట్లోనూ బయటా చాలామంది చెప్పారు. అదీ చేశాం, బరువు తగ్గాడు. చివరికి స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ పది నిమిషాలు వాడు తినడం చూసి, వీడికి నమలడం రాదమ్మా, నాలుకతో ముద్దని దవడ పళ్ల మీదికి నెట్టుకోవడం తెలియట్లేదు అన్నారు. ఆ రాత్రి నేను చాలా ఏడ్చాను, రాని పనికి పిల్లాణ్ణి తిట్టానని. మాట్లాడటానికి వాడే పెదాలు, నాలుక, దవడలే తినడానికీ కావాలి కాబట్టి ఈ పని కూడా స్పీచ్ థెరపిస్టులే చూస్తారు.

ఇంట్లో ఏదైనా మొదలుపెట్టే ముందు ఒకటి గమనించండి. నీళ్లో పాలో తాగుతుంటే దగ్గడం, తాగాక గొంతు గరగరమనడం, మాటిమాటికీ నిమ్ము చేయడం, బరువు పెరగకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు పిల్లల డాక్టర్‌కి చూపించాలి. తిండి ఊపిరితిత్తుల వైపు పోతోందని అనుమానం వస్తే ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే పదార్థం కలిపిన తిండి మింగించి ఎక్స్‌రే వీడియో తీస్తారు.

ఇక కూర్చోబెట్టడం. కాళ్లు చాపుకుని వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, బుగ్గలు నొక్కి ఉగ్గు గిన్నెతో పోయడం మన ఇళ్లల్లో అలవాటు, మా అత్తగారూ ప్రేమతోనే అలా పెట్టబోయారు. కానీ పడుకోబెట్టి పోస్తే బిడ్డ మింగడానికి సిద్ధంగా లేకపోయినా గొంతులోకి జారిపోతుంది, ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. నిటారుగా కూర్చోబెట్టండి, పాదాలు గాల్లో వేలాడకుండా కింద పీట వేయండి, నడుముకి అటూ ఇటూ తువ్వాలు చుట్టి పెట్టండి. ఒళ్లు కుదురుగా ఉంటేనే నోరు పని చేస్తుంది.

చెంచా సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను చేసిన తప్పంతా అక్కడే. లోతు లేని చిన్న చెంచా తీసుకుని సగమే నింపండి. బిడ్డకు ఎదురుగా, మీ కళ్లు తన కళ్ల ఎత్తులో ఉండేలా కూర్చోండి, చెంచా పైనుంచి తెస్తే తల వెనక్కి వాల్చేస్తారు కాబట్టి కింద నుంచి తీసుకురండి. నాలుక మధ్యలో పెట్టి కొద్దిగా కిందికి నొక్కి, ఆగండి. పై పెదవి తనంతట తాను దిగి చెంచాను మూసేదాకా ఆగి, అప్పుడు నేరుగా వెనక్కి తీయండి. నేనేమో చెంచాను పైకెత్తి పై పళ్లకు గీకి లాగేసేదాన్ని, దాంతో వాడి పెదవికి ఇంక పనే ఉండేది కాదు. తిండి మార్చకుండా దాదాపు రెండు వారాలు మేం చేసింది ఇదొక్కటే.

ఆ తర్వాతే తిండి మార్చాలి, అది కూడా ఒక్కసారిగా కాదు. మిక్సీ రోజూ కొన్ని సెకన్లు తగ్గించండి, ఆ తర్వాత పప్పుగుత్తితో మెదపండి, ఆ తర్వాత చేత్తో. మెత్తగా కలిపి నెయ్యి వేసిన పప్పన్నం ముద్దగా ఉంటుంది కాబట్టి సులువు. చారన్నం, పాలలో అటుకులు చాలా కష్టం, నీళ్లు ముందే జారిపోయి మెతుకులు నోట్లో మిగిలిపోతాయి, వాటిని చివరికి ఉంచండి. నమలడం నేర్పడానికి, వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోయేంత ఉడికిన క్యారెట్‌ని పొడుగ్గా కోసి, ఒక కొస మీరు పట్టుకుని, రెండో కొసని పక్కన దవడ పళ్ల మధ్య పెట్టండి, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. కొరికి ఉమ్మేసినా మంచిదే.

ఓకరింత వస్తే భయపడి నోట్లో వేలు పెట్టకండి. ముఖం ఎర్రబడి శబ్దం వస్తోందంటే చాలావరకు తనే బయటికి నెట్టుకుంటాడు. శబ్దం ఆగిపోయి, దగ్గలేక, పెదాలు నీలంగా మారితే గొంతుకి అడ్డం పడినట్టు. ఏడాది దాటిన బిడ్డకైతే ముందుకు వంచి వీపు మీద 5 సార్లు గట్టిగా కొట్టాలి, తగ్గకపోతే పొట్ట పైభాగంలో 5 సార్లు లోపలికి, పైకి నొక్కాలి, 108కి ఫోన్ చేయించాలి. ఏడాదిలోపు వాళ్లకి పొట్ట నొక్కకూడదు, ఛాతీ నొక్కాలి. మొదలుపెట్టే ముందే దీన్ని డాక్టర్ దగ్గర చేసి చూపించమని నేర్చుకోండి. వేరుశనగలు, గుండ్రటి ద్రాక్షలు మాత్రం నాలుగేళ్లు దాటేదాకా అలాగే పెట్టొద్దు.

కొత్త పదార్థాన్ని మొదట పళ్లెంలో పక్కన ఉంచితే చాలు. మా వాడు ఇడ్లీని నాలుగు రోజులు చూశాడు, ఐదో రోజు చూపుడు వేలితో పొడిచి, ఆ వేలు చొక్కాకి తుడుచుకున్నాడు, ఇంకో వారానికి అదే వేలు నాకాడు. పది పదిహేను సార్లు చూపించాల్సి రావచ్చు, "అమ్మ కోసం ఒక్క ముద్ద" అని బతిమాలొద్దు. ఫోన్ చూపిస్తే గిన్నె ఖాళీ అవుతుంది కానీ నోట్లో ఏముందో బిడ్డకి తెలియదు. రెండున్నర మూడు గంటలకోసారి పెట్టండి, మధ్యలో నీళ్లే, అరగంట దాటితే పళ్లెం తీసేయండి. ఏడాది దాటాక రోజుకి అర లీటరుకి మించి పాలు తాగితే ఆకలి ఎక్కడుంటుంది?

డబ్బులు లేవని ఆగిపోకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ), మైసూరులో 'ఐష్' (అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ) కేంద్ర ప్రభుత్వ సంస్థలు. ప్రైవేటుకి వెళ్తే థెరపిస్ట్‌కి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా, మింగడం సమస్యల మీద పనిచేశారా అని మొహమాటం లేకుండా అడగండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే చెంచా, బిడ్డ తినేది ఒకటి, తిననిది ఒకటి డబ్బాల్లో పట్టుకెళ్లండి, మూడు రోజులు ఏం తిన్నాడో ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి. తినిపిస్తున్నప్పుడు తీసిన వీడియో కూడా ఒకటి ఫోన్లో ఉంచుకోండి, కొత్త చోట చాలామంది పిల్లలు నోరే తెరవరు.