చికెన్ అంగళ్లలో మందులకు లొంగని బ్యాక్టీరియాపై నిఘా పెట్టడం ఎలా?

సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలు చాలామందికి యాంటీబయాటిక్ లేకుండానే తగ్గిపోతాయి. పసిపిల్లలకు, ముసలివాళ్లకు, బ్యాక్టీరియా రక్తంలోకి చేరినవాళ్లకు మాత్రం మందు పడాల్సిందే. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్నది ముందే కొంత తెలిసి ఉండాలంటే, జబ్బు రాకముందే తిండిలోని బ్యాక్టీరియాను గమనిస్తూ ఉండాలి. కోళ్ల ఫారాలకు కొదవలేని చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ పని మరీ అవసరం.

ఇది ఇంట్లో చేసేది కాదు. బయోసేఫ్టీ క్యాబినెట్ (క్రిములు బయటికి రాకుండా ఆపే పెట్టె), ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం), చేయి తిరిగిన టీచరు ఉన్న మైక్రోబయాలజీ ల్యాబ్ కావాలి. తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ అన్నీ ఉన్నాయి కాబట్టి, విద్యార్థులకు ముందుగా అక్కడి అధ్యాపకులతో మాట్లాడే వీలుంది.

ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి. ‘తిరుపతిలో చిల్లరగా అమ్మే చికెన్‌లోని ఈ.కోలి ఏడాది పొడవునా సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఎంతవరకు లొంగుతోంది?’ ఇంత చాలు. ఈ.కోలి పేగుల్లో ఉండే బ్యాక్టీరియా, సిప్రోఫ్లాక్సాసిన్ ఒక యాంటీబయాటిక్. సాల్మొనెల్లా ప్రతి శాంపిల్‌లో దొరకదు. ఈ.కోలి దాదాపు ప్రతిదాంట్లో ఉంటుంది, అందుకే లెక్కలకు అదే ఆధారం. సాల్మొనెల్లా దొరికితే దాన్ని విడిగా పరీక్షించండి.

తర్వాత అంగళ్ల జాబితా. కొర్లగుంట, లీలామహల్ సర్కిల్, తిరుచానూరు రోడ్డు, ఇలా ప్రాంతాల వారీగా రాసుకుని చీటీలు వేసి ఎంచుకోండి. తెలిసిన అంగడికే వెళ్తే లెక్క తప్పుతుంది. యజమానికి విషయం దాచొద్దు: “అన్నా, కేసు పెట్టడానికి కాదు, మా చదువు కోసం. మీ పేరు ఎక్కడా రాయం” అని చెప్పి కోడ్ ఇవ్వండి. తేదీ, సమయం, స్కిన్ ఉందా లేదా, కోడి ఎటునుంచి వచ్చింది, మాంసం ఫ్రిజ్‌లో ఉందా బయట వేలాడుతోందా, ఇవన్నీ అక్కడికక్కడే రాసేయాలి. ఎండాకాలం తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఐస్ బాక్స్ తప్పనిసరి. శాంపిల్‌ను గడ్డకట్టనివ్వకుండా అదే రోజు ల్యాబ్‌లో పని మొదలుపెట్టండి.

ల్యాబ్‌లో 25 గ్రాముల మాంసాన్ని 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్ అనే పోషక ద్రవంలో వేసి 37 డిగ్రీల దగ్గర సుమారు 18 గంటలు ఉంచుతారు. దాన్నుంచి మెకాంకీ అగార్ (బ్యాక్టీరియాను పెంచే గట్టి మాధ్యమం) మీద గీస్తే ఈ.కోలి గులాబీ రంగులో వస్తుంది. సాల్మొనెల్లాకైతే మధ్యలో ఇంకో బ్రాత్ (పోషక ద్రవం) దశ ఉంది. ఆ తర్వాత ఎక్స్ఎల్‌డి అగార్ మీద నల్లటి నడిబొడ్డు ఉన్న ఎర్రటి కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) కనిపిస్తాయి. రంగు చూసి నమ్మేయకుండా బయోకెమికల్ పరీక్షలతో నిర్ధారించుకోండి. ఒక శాంపిల్ నుంచి ఒక్క కాలనీనే లెక్కలోకి తీసుకోండి. ఒకే ముక్కలోంచి అయిదు కాలనీలు ఏరితే ఒకే బ్యాక్టీరియాను అయిదుసార్లు లెక్కపెట్టినట్టే.

అసలు పని డిస్క్ పరీక్ష: మందు ఉన్న చిన్న బిళ్లను బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద పెట్టి, దాని చుట్టూ ఎంతమేర పెరగకుండా ఆగిందో చూడటం. ఇక్కడ తొందర పనికిరాదు. బ్యాక్టీరియా ద్రావణం 0.5 మెక్‌ఫర్లాండ్ అనే ప్రామాణిక మసకకు సరిపోవాలి. ముల్లర్ హింటన్ అగార్ 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ద్రావణం తయారైన 15 నిమిషాల్లోపు స్వాబ్‌తో పూసి, డిస్కులు పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచాలి. ప్రతిసారీ పక్కన ఏటీసీసీ 25922 అనే ప్రామాణిక ఈ.కోలిని కూడా పెట్టండి. దాని కొలత హద్దు దాటితే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే.

డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని స్కేలుతో కొలిచి, మిల్లీమీటర్లలోనే రాయండి. ‘లొంగింది, లొంగలేదు’ అని మాత్రమే రాస్తే రేపు ప్రమాణాలు మారినప్పుడు పాత లెక్కలు వాడుకోలేం. సీఎల్ఎస్ఐ (ఇలాంటి పరీక్షలకు హద్దులు నిర్ణయించే అమెరికా సంస్థ) ప్రమాణాల్లో సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఈ.కోలి లొంగినట్టు చెప్పాలంటే 26 మిల్లీమీటర్లు చాలు, సాల్మొనెల్లాకు 31 కావాలి. అంటే 28 వస్తే ఈ.కోలి లొంగినట్టు, సాల్మొనెల్లా మధ్యస్థం. జెంటామైసిన్ అనే మరో యాంటీబయాటిక్ డిస్క్ చుట్టూ ఎంత పెద్ద వలయం వచ్చినా సాల్మొనెల్లా లొంగిందని రాయకూడదు, ఎందుకంటే రోగి ఒంట్లో ఆ మందు దాని మీద పనిచేయదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు వాడటాన్ని 2019లో కేంద్రం నిషేధించింది కాబట్టి దాన్నీ చూడాలనిపిస్తుంది. కానీ దాని అణువు పెద్దది, అగార్‌లో సరిగా వ్యాపించదు. డిస్క్‌తో వద్దు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందును వేర్వేరు మోతాదుల్లో ద్రవంలో కలిపి చూసే పద్ధతి) చేసే ల్యాబ్‌కు పంపండి.

వాడిన ప్లేట్లన్నీ ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి.

లెక్కలకు వోనెట్ (WHONET) అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. 30 ఐసోలేట్లు (శాంపిళ్ల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) పోగవక ముందు శాతాలు వేయకండి. ‘12లో 6’ అని రాస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టు, ‘50 శాతం’ అంటే జనం బెదిరిపోతారు. ఫలితాలను జిల్లా ఆహార భద్రతా అధికారులకు, ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగానికి ఇస్తే వాళ్లు రోగుల్లో దొరికిన బ్యాక్టీరియాతో పోల్చి చూసుకుంటారు. అయితే రెండుచోట్లా ఒకే మందు పనిచేయనంత మాత్రాన రోగికి చికెన్ నుంచే వచ్చిందని అనలేం. దానికి జన్యుక్రమం చదవాలి.

శాంపిల్ ఇచ్చిన అంగళ్లకూ ఫలితం చెప్పండి. టెన్షన్ పడతారు కాబట్టి ఒక మాట కలపాలి: మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా బాగా ఉడికిస్తే మామూలుదానిలాగే చస్తుంది. మాంసం లోపలిదాకా 74 డిగ్రీలు చేరితే చాలు. ముప్పంతా పచ్చి చికెన్ కోసిన పలక, కత్తి, చేతుల దగ్గరే ఉంది. వాటిని సబ్బుతో కడగకుండా అదే పలక మీద ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోసివ్వొద్దని చెప్పండి.