గాలింపు జాగిలాన్ని తొలి శిక్షణ శిబిరానికి తీసుకువెళ్లేవారికి

తప్పిపోయిన మనుషులనూ శిథిలాల కింద చిక్కుకున్నవారినీ వెతికే పని కోసం పెంచుతున్న కుక్కకు ఏడాది వయసు రాబోతున్న రోజుల్లో, చాలామంది దాన్ని మొదటిసారి నాలుగైదు రోజుల శిక్షణ శిబిరానికి తీసుకువెళ్తారు. ఇంటి దగ్గరి మైదానంలో, తెలిసిన మనుషుల మధ్య చక్కగా పనిచేసిన కుక్కకు అక్కడ కొత్త నేల, కొత్త వాసనలు, పరాయి కుక్కలు, ముక్కూముఖం తెలియని మనుషులు ఒక్కసారిగా ఎదురవుతారు. బయలుదేరే ముందే ఒక సంగతి మనసులో స్థిరపరచుకోవాలి. దాక్కున్న పరాయి మనిషి దగ్గరికి ఎలాగైనా చేరుకోవాలన్న ఆరాటం ఈ వయసు కుక్కకు ఉండే అసలైన ఆస్తి. నేర్పు తర్వాతైనా వస్తుంది గానీ ఆ ఆరాటం ఒకసారి చెడితే తిరిగి తేవడానికి నెలలు పడుతుంది. శిబిరం ముగిసి ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు అది వెళ్లినప్పటికంటే ఒక పాలు ఎక్కువగా ఉంటే చాలు.

సన్నాహం ఆరు వారాల ముందే మొదలుపెట్టడం మంచిది. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాల గడువు దాటలేదని పశువైద్యుడి దగ్గర సరిచూసుకోవడంతో పాటు, కుక్కలు గుంపుగా చేరినచోట సులువుగా వ్యాపించే కెన్నెల్ దగ్గుకూ, నిలవ నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కూ టీకాలు వేయించే విషయం అడగాలి. లెప్టోస్పైరోసిస్ టీకా మొదటిసారి వేయించేటప్పుడు కొన్ని వారాల ఎడంతో రెండు మోతాదులు ఇస్తారు కాబట్టి, ప్రయాణం ముందు వారంలో హడావిడి పడితే ఫలితం ఉండదు. పెద్ద జాతి కుక్కల్లో ఎముకల ఎదుగుదల పూర్తి కావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. అంతవరకు ఎత్తుల మీద నుంచి పదే పదే దూకించకూడదన్న మాటను వైద్యుడి నోటనే వింటే శిబిరంలో ఎవరైనా ఉత్సాహపెట్టినప్పుడు కాదనడం మీకు సులువవుతుంది. ఆడకుక్క ఎదకు వచ్చే సమయం దగ్గరపడితే నిర్వాహకులకు ముందుగానే తెలియజేయాలి.

ఆ ఆరు వారాల్లో కుక్కకు నేర్పవలసినవాటిలో నేను అన్నింటికంటే ముందు పెట్టేది క్రేట్‌లో (కుక్కను ఉంచే తలుపున్న పెట్టెలో) ప్రశాంతంగా పడుకోవడం. ఇది చాలామందికి చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ శిబిరంలో ఒక కుక్క రోజు మొత్తం మీద పనిచేసేది పది పదిహేను నిమిషాలకు మించదు. మిగిలిన సమయమంతా వాహనంలోనో చెట్టు నీడలోనో తన వంతు కోసం వేచి ఉండాలి. పక్కన ఇంకో కుక్క మొరుగుతూ బంతి కోసం పరుగెత్తుతుంటే తన క్రేట్‌లో కళ్లు మూసుకోగలిగిన కుక్క వంతు వచ్చేసరికి తాజాగా బయటికి వస్తుంది. అలా పడుకోలేని కుక్క గొంతు బొంగురుపోయేలా మొరిగి, చొంగ కార్చుకుంటూ, మొదలుపెట్టకముందే అలసిపోయి వస్తుంది. అందుకని ఇంట్లో అన్నం గిన్నె క్రేట్ లోపలే పెట్టడం, తలుపు ముందు కొన్ని నిమిషాలు, తర్వాత గంట, ఆ తర్వాత ఇంకో కుక్క ఎదురుగా ఆడుకుంటుండగా మూసి ఉంచడం, నిశ్శబ్దంగా ఉన్న క్షణంలోనే తలుపు తీయడం వంటివి రోజూ చేయాలి. పైన కప్పడానికి ఇంట్లో వాడిన దుప్పటినే వెంట తీసుకువెళ్లండి.

సామాన్ల విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. అలవాటైన తిండి అన్ని రోజులకూ సరిపడా, ఇంటి నీళ్లు మొదటి రోజుకు, పది మీటర్ల పొడవైన తాడు, రెండు మెడ బెల్టులు, పిడుదులు తీసే పనిముట్టు, కట్టుకట్టే గుడ్డ, థర్మామీటర్, తువ్వాళ్లు, ఒక నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది. ఇంకొకటి మాత్రం మరవకూడదు. గాలింపు పనిలో తప్ప మరెక్కడా కుక్క కంటపడని ఆటవస్తువు ఒకటి ఉండాలి. శిబిరానికి ముందు వారం రోజులు దాన్ని దాచిపెట్టేస్తే, అక్కడ చూసినప్పుడు కుక్క కళ్లలో వచ్చే మెరుపు వేరుగా ఉంటుంది.

ప్రయాణం రోజు కడుపు నిండా పెట్టకుండా తేలికగా పెట్టాలి, రెండు మూడు గంటలకొకసారి ఆగి నడిపించాలి. ఆగినప్పుడు కుక్కను మూసిన వాహనంలో వదిలి వెళ్లకూడదు. బయట 24 డిగ్రీల సెల్సియస్ ఉన్న ఆహ్లాదకరమైన రోజున కూడా ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లో 34 డిగ్రీలకు, అరగంటలో 43 డిగ్రీలకు చేరుతుంది. వీలైతే శిబిరానికి ఒక పూట ముందే చేరుకొని, పని ఊసెత్తకుండా తాడు మీద ఆ పరిసరాలన్నీ నిదానంగా తిప్పి, వాసన చూసుకోనిచ్చి పడుకోబెట్టాలి.

మొదటి ఉదయం శిక్షకుడితో మాట్లాడేటప్పుడు కుక్క గొప్పలు చెప్పుకోవాలనిపిస్తుంది. దానివల్ల నష్టపోయేది కుక్కే. ఇప్పటివరకు ఎంత దూరంలో దాక్కున్నవారిని కనుక్కుంది, దొరికినప్పుడు ఏం చేస్తుంది, దేనికి జంకుతుంది అన్నవి నోటుపుస్తకం చూసి ఉన్నదున్నట్లు చెప్పాలి. మనిషి దొరికిన సంగతిని కొన్ని కుక్కలు అక్కడే ఉండి ఆగకుండా మొరగడం ద్వారా, కొన్ని తిరిగి వచ్చి యజమానిని వెంటబెట్టుకుపోవడం ద్వారా తెలియజేస్తాయి. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నారో ముందే చెప్పండి. వేరే పద్ధతి మేలని ఎవరైనా అంటే శ్రద్ధగా విని రాసుకోండి గానీ, నాలుగు రోజుల శిబిరంలో పద్ధతి మార్చకండి. సగం నేర్చిన రెండు సూచనల మధ్య కుక్క తికమకపడుతుంది.

కుర్ర కుక్కకు పెట్టే మొదటి అభ్యాసం చూడటానికి చాలా సరళంగా ఉంటుంది. మీరు కుక్కను బెల్టు దగ్గర పట్టుకుని నిలబడతారు. పరాయి సహాయకుడు దాని ముక్కు ముందు ఆటవస్తువును ఊరించి, ముప్ఫై నలభై మీటర్ల దూరం పరుగెత్తి, పొద వెనకో గోడ వెనకో కనిపించకుండా కూర్చుంటాడు. మీరు ఆజ్ఞ ఇచ్చి వదులుతారు. ఇందులో కుక్కకంటే సహాయకుడి పనే కష్టం. కుక్క చేరుకున్నప్పుడు అతను కదలకుండా, పలకరించకుండా, కళ్లలోకి చూడకుండా ఉండి, మొరగడం ఆశిస్తున్నట్లయితే మొదటి మొరుగు వినిపించిన క్షణమే వస్తువును ఇచ్చి ఆట మొదలుపెట్టాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే, మొరిగి చాలించి ఎదురుచూస్తున్నందుకు బహుమతి దొరికిందని కుక్క అనుకుంటుంది. ఆట కూడా తూతూమంత్రంగా కాక, ఒక నిమిషమైనా ఒళ్లు మరచి ఆడాలి. కుక్క దృష్టిలో ప్రపంచంలోకెల్లా సరదా అయిన మనిషి ఆ దాక్కున్న వ్యక్తే కావాలి, మీరు కాదు. అందుకే మీరు దగ్గరికి పరుగెత్తి మధ్యలో దూరకండి. నాలుగడుగుల అవతల నిలబడి, మాటతో మెచ్చుకుంటే చాలు.

రెండో మూడో వంతులో, సహాయకుడు పరుగెత్తడం కుక్క చూడకుండా అభ్యాసం పెడతారు. ఇప్పుడు అది కంటితో కాక ముక్కుతో పనిచేయాలి. మనిషి చర్మం నుంచి ఎడతెగకుండా రాలే సన్నని పొలుసులు, చెమట, ఊపిరి కలిసిన వాసన గాలి వాలున గరాటులా విచ్చుకుంటూ పోతుంది. కాబట్టి గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని, దానికి అడ్డంగా కుక్కను నడిపిస్తే ఎక్కడో ఒకచోట ఆ గరాటును దాటక తప్పదు. గాలి తెలుసుకోవడానికి నేను చిన్న సీసాలో టాల్కం పౌడర్ ఉంచుకుంటాను. ఒక్కసారి నొక్కితే పొడి ఎటు కొట్టుకుపోతుందో కనిపిస్తుంది. మోకాలి ఎత్తులో, అంటే కుక్క ముక్కు ఉండే ఎత్తులో నొక్కి చూడండి, మన మొహానికి తగిలే గాలి అక్కడ ఒక్కోసారి మరోవైపు వీస్తుంటుంది. ఎండ ఎక్కిన వాలు మీద గాలి పైకి ఎక్కుతుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి దిగుతుంది. నడిమధ్యాహ్నం నేల వేడికి వాసన నిలువుగా లేచిపోతుంది గనుక ఆ వేళ కుర్ర కుక్కకు పని పెట్టకపోవడమే ఉత్తమం. సహాయకుడు కూర్చున్న తర్వాత పది పదిహేను నిమిషాలు ఆగితే వాసన పరుచుకుంటుంది. అతను మీరు వదలబోయే చోటు నుంచే నడుచుకుంటూ వెళ్లి ఉంటే మాత్రం కుక్క గాలిని వదిలి అతని అడుగుజాడ పట్టుకుంటుంది.

ఇక్కడ మీ కళ్లు కుక్క మీదే ఉండాలి. పరుగెత్తుతున్న కుక్క ముక్కుకు ఆ వాసన తగిలినప్పుడు ముందు తల ఠక్కున పక్కకు తిరుగుతుంది, తర్వాత మెడ, తర్వాత ఒళ్లంతా. అప్పటిదాకా తెరిచి ఉన్న నోరు మూసుకుంటుంది. తోక ఊగే తీరు మారుతుంది. తెలుగులో పసిగట్టడం అనే మాట ఎక్కడ పుట్టిందో ఆ క్షణంలో కంటికి కనిపిస్తుంది. ఆ మార్పును గుర్తుపట్టడం నేర్చుకోవడమే శిబిరంలో యజమానికి దొరికే గొప్ప లాభం. ఆ సమయంలో మాట్లాడకండి, పిలవకండి, సహాయకుడు ఉన్న వైపు చూడకండి. మీరు చూసే చూపు, తిరిగే భుజం కుక్కకు జవాబు చెప్పేస్తాయి. అలా నాలుగుసార్లు జరిగితే అది ముక్కు మానేసి మీ మొహాన్ని చదవడం మొదలుపెడుతుంది.

శిథిలాల గుట్ట, నిచ్చెన, ఊగే పలక, చీకటి గొట్టం వంటివాటి దగ్గర తొందర పనికిరాదు. ఏడాది లోపూ ఆ చుట్టుపక్కల వయసులోనూ చాలా కుక్కలకు కొత్త వస్తువుల పట్ల భయం మళ్లీ తలెత్తే దశ ఒకటి వస్తుంది. ఆ దశలో బలవంతంగా నెట్టిన అనుభవం చాలాకాలం నిలిచిపోతుంది. సిమెంటు గొట్టం ముందు ఆగి, ముందుకాళ్లు రెండూ లోపల పెట్టి, వెనకకాళ్లు బయటే గట్టిగా ఊనుకుని, మెడ సాచి వాసన చూస్తున్న కుక్కను గమనించండి. అది వెళ్లాలా వద్దా అని తనలో తాను తేల్చుకుంటోంది. అప్పుడు తాడు లాగితే వెనకకాళ్లు ఇంకా బిగుసుకుంటాయి. తాడు వదులుగా ఉంచి ఊరకే నిలబడితే, చాలాసార్లు అరనిమిషంలో తనంతట తానే ఇంకో అడుగు వేస్తుంది. వెనక్కి తిరిగి వచ్చినా తప్పులేదు, పొట్టి గొట్టంతో మర్నాడు మొదలుపెట్టవచ్చు. శిథిలాల మీద తాడు లేకుండా వదిలేటప్పుడు మెడ బెల్టు, ఒంటిపట్టీ కూడా విప్పేయాలి, ఇనుప చువ్వకు తగులుకుంటే కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

ఎన్నిసార్లు చేయించాలి అన్నదే ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. పూటకు రెండు లేదా మూడు వెతుకులాటలు, అంతే. నా కుక్కకు పదకొండు నెలలప్పుడు ఒక శిబిరంలో మూడోరోజు అది అద్భుతంగా పనిచేస్తుంటే, చూస్తున్నవారంతా మెచ్చుకుంటుంటే, నేను ఐదోసారి కూడా వదిలాను. సగం దూరం పోయి ఆగి, నేల వాసన చూసింది, నా వైపు చూసింది, అక్కడే పడుకుంది. ఇంటికి వచ్చాక మూడు వారాలపాటు ఆట చూపించినా అది అర్ధమనసుతోనే వచ్చేది. ఆ తప్పు పూర్తిగా నాది. మంచి వెతుకులాట తర్వాత, ఇంకొక్కటి చేయించాలని చేతులు ఉబలాటపడుతున్నప్పుడే క్రేట్ దగ్గరికి నడవాలి. శిక్షకుడు ఇంకొకటి చేద్దామన్నా, ఈ పూటకు చాలండీ అని మర్యాదగా చెప్పే హక్కు మీకుంది. కుక్క తడబడితే అభ్యాసాన్ని వెంటనే తేలిక చేసి, ఎదురుగా కనబడేంత దగ్గర్లో మనిషిని కూర్చోబెట్టి, గెలుపుతో ముగించాలి.

రొప్పుతున్న కుక్క వాసన సరిగా పట్టలేదు, ఎందుకంటే ఒళ్లు చల్లబరచుకోవడానికి నోటితో గాలి పీల్చడం దానికి ముక్కుతో పసిగట్టడం కంటే అత్యవసరం. కనుక పనికి ముందు కొద్దికొద్దిగా నీళ్లు తాగించి, పని అయ్యాక నీడలో రొప్పు తగ్గేవరకు నడిపించాలి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అది 41కి చేరడం, నాలుక బాగా ఎర్రబడి వేలాడటం, అడుగులు తూలడం వడదెబ్బ లక్షణాలు. అప్పుడు ముందు ఒళ్లంతా చల్లని నీళ్లు పోసి గాలి ఆడేలా చేస్తూ, ఆ తర్వాత వైద్యుడి దగ్గరికి తరలించాలి. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది గనుక తిండికీ పనికీ మధ్య ఒకటి రెండు గంటల ఎడం పాటించాలి. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా వైద్యుడి దగ్గరికి తరలించాలి. ప్రతి సాయంత్రం కాలివేళ్ల సందులు, అరికాళ్ల మెత్తలు, చెవుల లోపల, చంకల్లో వేళ్లతో తడిమి చూడండి. గడ్డి ముళ్లు, పిడుదులు, చిన్న కోతలు ముందుగా వేళ్లకే తెలుస్తాయి.

కుక్క విశ్రాంతి తీసుకుంటున్నంతసేపూ మీరు ఖాళీగా కూర్చోకుండా ఇతరుల కుక్కల కోసం దాక్కునే పనికి ముందుకు రండి. చీకటి గుంటలో కూర్చుని, దూరం నుంచి దగ్గరవుతున్న ఊపిరిని వింటున్నప్పుడు, ఏ కుక్క ఎందుకు తడబడిందో, ఏ యజమాని ఎక్కడ తొందరపడ్డాడో బయటినుంచి ఎన్నటికీ అర్థంకానంత స్పష్టంగా అర్థమవుతుంది. బయటికి వచ్చాక తేదీ, గాలి దిశ, వేడి, దూరం, ఎంతసేపు పట్టింది, దాక్కున్నది ఎవరు, కుక్క ఎలా తెలియజేసింది అన్నవి మీ కుక్క విషయంలో ఆ పూటే రాసిపెట్టుకోండి. రాత్రికి అన్నీ కలగాపులగమైపోతాయి.

ఇంటికి తిరిగి వచ్చాక కనీసం రెండు మూడు రోజులు గాలింపు అభ్యాసం పెట్టకుండా, మామూలు నడకలతో, కావలసినంత నిద్రతో గడపనివ్వాలి. తర్వాత మొదటి అభ్యాసం, శిబిరంలో చేరుకున్న చివరి స్థాయిలో కాక, అంతకంటే రెండు మెట్లు కింద ఉండాలి. తెలిసిన మైదానం, ఎదురుగాలి, కుక్కకు కొత్త అయిన ఒకే ఒక్క మనిషి చాలు. దొరికిన వెంటనే ఆటాడించి, ఆ రోజుకు ఆటవస్తువును మళ్లీ సంచిలో పెట్టేయండి.