గుచ్ఛం దొరికింది, కానీ పత్తి ఉండలాగే ఉంది: చుక్కలు ఎందుకు విడిపోవడం లేదు?

6 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోప్‌లో ఎం13 (లక్షల నక్షత్రాలు బంతిలా చేరిన గోళాకార గుచ్ఛం) మసక ముద్దగానే కనిపిస్తోందంటే, అద్దాల మీద అనుమానపడే ముందు ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మార్చి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. 1200 ఎంఎం ఫోకల్ లెంగ్త్‌కి 25 ఎంఎం ఐపీస్ పెద్దది చేసి చూపేది 48 రెట్లే. ఎం13లో బాగా ప్రకాశించే నక్షత్రాలు కూడా 12వ పరిమాణం (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) దగ్గరివి, అంత తక్కువలో విడిపోవు. 10 ఎంఎం పెడితే 120 రెట్లు, 8 ఎంఎం పెడితే 150. చీకటి పడిపోతుందని భయపడొద్దు. నల్లబడేది ఆకాశపు వెలుగు. చుక్కలు చుక్కలుగానే ఉంటాయి కాబట్టి ఇంకా తేటగా బయటపడతాయి. 20 నిమిషాలు ఫోన్ ముట్టకుండా కళ్లను చీకటికి అలవాటు చేసి, చూపును గుచ్ఛం పక్కకు తిప్పి అంచులు గమనించండి. ముందు విడిపోయేవి అంచులే.

కొత్తవాళ్లు జ్యేష్ఠ నక్షత్రం పక్కనున్న ఎం4తోనో, ధనుస్సులోని ఎం22తోనో మొదలుపెట్టాలి. ఎం54, ఎం75 మరీ దూరం, మరీ చిక్కన. 6 అంగుళాలకు అవి ముద్దలే, టెలిస్కోప్ తప్పేమీ లేదు.

ఎనిమిది గంటలకు చుక్కలు కనిపించి, పదింటికల్లా మాయమైతే? అసలు మోసం ఇక్కడుంది. వానాకాలం వెళ్లాక అక్టోబరు, నవంబరుల్లో ఎం15, ఎం2 చూసేటప్పుడు ఇది తరచూ జరుగుతుంది. గాలి కడిగినట్టు ఉంటుంది, కానీ నేల నిండా తడి. ట్యూబ్ మూతి దగ్గరున్న సెకండరీ అద్దం (వెలుగును ఐపీస్ వైపు తిప్పే చిన్న అద్దం) వీపు ఆకాశానికి తెరిచి ఉంటుంది కాబట్టి చుట్టూ గాలికంటే ముందే చల్లబడి, పల్చగా చెమ్మ పడుతుంది. కింద ఉన్న పెద్ద అద్దం పొడిగానే ఉండటంతో ఎవరికీ అనుమానం రాదు. అభిజిత్ లాంటి పెద్ద చుక్క బాగానే కనబడుతుంది, దాని చుట్టూ మెత్తటి వెలుగు వలయం మాత్రం చేరుతుంది. 12వ పరిమాణం చుక్కలు ఆ వెలుగులో మునిగిపోతాయి. మనం ఫోకస్ తిప్పుతూనే ఉంటాం.

తేల్చుకోవడం సులువు. చిత్రం వణుకుతూ మధ్యమధ్య ఒక క్షణం తేటపడితే అది గాలి కదలికో, అద్దం ఇంకా బయటి వేడికి సర్దుకోకపోవడమో, ఆగాలి. కదలకుండా ఒకేలా మసకగా ఉంటే చెమ్మ. ఐపీస్ తీసి ఫోకసర్ రంధ్రంలోంచి టార్చి ఏటవాలుగా వేయండి: పొడి అద్దం నల్లగా ఉంటుంది, చెమ్మ పట్టింది పాలపొరలా మెరుస్తుంది.

గుడ్డతో తుడవకండి, అల్యూమినియం పూత గీతలు పడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, అడుగు దూరంలో పెట్టి ఆడించండి. గంటలో మళ్లీ పడితే ఆశ్చర్యపోవద్దు. నిలిచే పరిష్కారం: సెకండరీ వెనక 330 ఓమ్, 1 వాట్ రెసిస్టర్లు రెండు సమాంతరంగా అతికించి 12 వోల్టుల బ్యాటరీ ఇవ్వడం. దాదాపు 0.9 వాట్ వేడి చాలు. వాడని ఐపీస్‌లు జేబులో ఉంచుకోండి. కంటివైపు గాజు మీద ఊపిరి తగిలినా ఇదే లక్షణం. ఏసీ గదిలోంచి తెచ్చిన టెలిస్కోప్ మూతలు, అది బయటి వేడికి వచ్చేదాకా తీయకండి. ఇంటికి తెచ్చాక మాత్రం తడి ఆరేదాకా మూతలు పెట్టకండి, ఫంగస్ పడుతుంది.

చుక్కలు ముక్కోణంగా ఉంటే పెద్ద అద్దం క్లిప్పులు కాస్త వదులు చేయండి. తల తిప్పినప్పుడు చుక్కల సాగుడు కూడా తిరిగితే అది మీ కంటిది, కళ్లజోడు పెట్టుకుని చూడండి.