ఉప్పునీటి ట్యాంకు కట్టే ముందు: ఇంటికీ, చేతికీ, పగడానికీ జాగ్రత్తలు

సొంతంగా రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి, కట్టుకుంటాననే ప్రతివాళ్లూ ముందు అడిగేది ఏ లైటు కొనాలి, ఏ పగడం త్వరగా పెరుగుతుంది అని. నేను మాత్రం వాళ్లని రెండు ప్రశ్నలు అడుగుతాను. ట్యాంకు పెట్టబోయే చోట ప్లగ్ పాయింట్ ఎంత ఎత్తులో ఉంది? మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు పోతే చూసేదెవరు? మంచినీటి చేపల తొట్టి పెంచి వచ్చినవాళ్లకి ఈ ప్రశ్నలు వింతగా అనిపించవచ్చు. కానీ ఉప్పునీళ్లు కరెంటుని బాగా మోస్తాయి, లోహాన్ని తినేస్తాయి. ఆ నీళ్లలో మనం ముచ్చటపడి పెంచే కొన్ని జీవులు ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలవు. అందుకే ముందు మనుషుల జాగ్రత్త చెప్పి, ఆ తర్వాతే పగడాల దగ్గరికి వస్తాను.

బరువు, గాజు

లీటరు సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు తూగుతుంది. 200 లీటర్ల ట్యాంకులో నీళ్లే 205 కిలోలు. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండ్, కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి) అన్నీ కలిపితే 300 కిలోలు దాటిపోతుంది. పై అంతస్తులో ఉంటే గది మధ్యలో కాకుండా బరువు మోసే గోడ పక్కన పెట్టండి. అనుమానం ఉంటే ఇంజినీరుకి చూపించాకే నీళ్లు పోయండి. స్టాండ్ నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూడాలి. ఒక మూల కాస్త దిగినా ఆ ఒత్తిడంతా గాజు అతుకుల మీద పడుతుంది. తడి తగిలితే ఉబ్బిపోయే పార్టికల్ బోర్డుతో స్టాండ్ చేయించవద్దు.

గాజు మీరే అతికిస్తుంటే సిలికాన్ విషయంలో మొహమాటం లేకుండా అడిగి కొనండి. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ పనికొస్తుంది. బాత్‌రూమ్‌ల కోసం బూజు రాకుండా మందు కలిపినది వద్దు, ఆ మందు జీవులకి విషం. పాత సిలికాన్ మీద కొత్తది పట్టదు కాబట్టి రిపేరు చేసేటప్పుడు పాతదంతా బ్లేడుతో గీకేయాలి. ఓవర్‌ఫ్లో (ఎక్కువైన నీళ్లు సంప్‌లోకి దిగే దారి) కోసం రంధ్రం పెట్టాలనుకుంటే అది టెంపర్డ్ గాజు (వేడితో గట్టిపరిచినది) కాదని రూఢి చేసుకోండి. టెంపర్డ్ గాజుకి డ్రిల్ తగిలితే పలక మొత్తం ముక్కలైపోతుంది. మామూలు గాజుకైనా బ్యాటరీ డ్రిల్లే వాడండి, రంధ్రం దగ్గర నీళ్లు పోస్తూనే ఉండండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. సిలికాన్ వారం రోజులు ఆరాక, తడిసినా నష్టం లేని చోట మంచినీళ్లు నింపి రెండు మూడు రోజులు ఉంచి చూడాలి. నీళ్లున్న ట్యాంకుని, కొంచెమే ఉన్నా సరే, ఎత్తి జరపకండి.

కరెంటు

మా ట్యాంకు పెట్టిన రెండో ఏడాది ఒక సాయంత్రం గదిలో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. స్టాండ్ తలుపు తీసి చూస్తే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద తెల్లగా, పొడిపొడిగా ఉప్పు పట్టి ఉంది. ప్లగ్గు లాగాను. పిన్నులు పచ్చగా చిలుము పట్టాయి, బోర్డు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ. నీటి చుక్క ఒక్కటి కూడా ఆ బోర్డు మీద పడలేదు. సంప్‌లో నీళ్లు పడేచోట లేచే సన్నని తుంపర నెలల తరబడి గాలిలో చేరి అక్కడ ఎండుతూ వచ్చింది, అంతే. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే బోర్డు స్టాండ్ లోపల, సంప్ పైన ఉండకూడదు. పక్క గోడకి, నీటిమట్టం కంటే ఎత్తులో బిగించండి. ప్రతి వైరూ బోర్డుకి చేరేముందు కిందకి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఒక వంపు ఇవ్వండి. వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ట్యాంకు లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్) తప్పనిసరి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు స్విచ్) ఉంది కదా అనుకోవద్దు. అది వైర్లని కాపాడుతుంది, మనిషిని కాదు. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. చెయ్యి నీళ్లలో పెట్టే ముందు పంపులు, హీటరు ఆపేయండి, ఎంత చిన్న పనైనా సరే.

హీటర్‌తో రెండు ప్రమాదాలు. నీళ్లు మార్చేటప్పుడు మట్టం దిగి హీటరు బయటపడితే వేడికి గాజు పగులుతుంది. దాన్ని పావుగంట ముందే ఆపి చల్లారనివ్వాలి. రెండోది, లోపలి థర్మోస్టాట్ ఆన్‌లోనే ఇరుక్కుపోతే తెల్లారేసరికి ట్యాంకంతా ఉడికిపోతుంది. విడిగా ఒక టెంపరేచర్ కంట్రోలర్ పెట్టి హీటర్‌ని దాని ద్వారా నడపండి.

ఇక కరెంటు పోయినప్పుడు. నీళ్లని సంప్ నుంచి పైకి పంపే రిటర్న్ పంపు ఆగగానే పై ట్యాంకులోని నీళ్లు అదే పైపు వెంట వెనక్కి సంప్‌లోకి దిగుతాయి. సంప్‌లో ఆ నీటికి చోటు లేకపోతే గదంతా ఉప్పునీళ్లే. జీవుల్ని తెచ్చే ముందు ట్యాంకు నింపి, పంపు నడిపి, ప్లగ్గు పీకేసి పక్కనే నిలబడి చూడండి. దిగడం ఆగాక కూడా సంప్ అంచుకి నాలుగు వేళ్ల జాగా మిగలాలి. అలా మిగిలేలా సరిచేసుకుని, పంపు నడుస్తున్నప్పుడు సంప్‌లో నీళ్లు ఎంతవరకు ఉండొచ్చో అక్కడ టేపు అంటించండి. ఆ గీత దాటి ఎప్పుడూ నింపకూడదు. నీళ్లు వెనక్కి లాగడం (సైఫన్) తెగేలా పైపుకి పెట్టే చిన్న రంధ్రం నాచుతో మూసుకుపోతుంది, నీళ్లని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వులో ఒక నత్త ఇరుక్కున్నా చాలు అది పనిచేయదు. అందుకే ఈ పరీక్ష ఒక్కసారి చేసి వదిలేయకండి.

ఆగిన నీళ్లలో ముందు ఊపిరాడనిది చేపలకి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. అది కూడా లేని రాత్రి చెంబుతో నీళ్లు ముంచి కాస్త ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండండి. చేతులు నొప్పి పుడతాయి, చేపలు బతుకుతాయి.

పాలీటాక్సిన్: రాళ్లు కడిగే రోజు

మిగతా అన్నీ మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. లైవ్ రాక్‌ని, అంటే జీవులు పట్టి ఉన్న సముద్రపు రాయిని, ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడికించకండి. వేడినీళ్లు పోయకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి, నీటిధార మిషన్‌తో కడగకండి, ఎండిన రాయిని బ్రష్‌తో రుద్దకండి.

ఆ రాళ్ల మీద చిన్న చిన్న పువ్వుల్లా గుంపుగా పెరిగే జోవాంథిడ్‌లలో, ముఖ్యంగా గోధుమరంగు పాలిథోవాలలో, కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. హవాయిలోని మావీ దీవిలో హానా దగ్గర ఒక నీటిగుంటలో దొరికే ఈ జీవిని అక్కడివాళ్లు 'హానా మృత్యు నాచు' అనేవారు. ఈటె మొనలకి దాన్ని పూసేవారని కథ. నిజానికి అది నాచు కాదు, జంతువు. 1971లో మూర్, షోయర్ అనే రసాయన శాస్త్రవేత్తలు దాని నుంచే ఈ విషాన్ని వేరుచేశారు. మన కణాల పొరల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే పంపులుంటాయి. ఈ విషం అతుక్కుంటే ఆ పంపు తెరిచిన తలుపులా అయిపోతుంది. గుండె, కండరాలు అన్నీ ఆ పంపు మీదే ఆధారపడ్డాయి. ఉడికిస్తే విషం విరగదు సరికదా, ఆవిరితోపాటు గాలిలో కలిసి ఇంట్లో అందరి ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది.

ఒకసారి ఒక రాయిని పైకెత్తుతుంటే దాని మీదున్న పాలిప్ (గుంపులోని ఒక్కో పువ్వులాంటి జీవి) ఒకటి ముడుచుకుంటూ సన్నగా నీళ్లు చిమ్మింది. చుక్క నా కళ్లద్దాల కుడి గాజు మీద పడింది, సరిగ్గా కనుపాప ఎదురుగా. కంట్లో పడితే కార్నియా దెబ్బతింటుంది. అప్పటి నుంచి రాళ్ల పని ఉన్నరోజు మామూలు కళ్లద్దాలు చాలవని చుట్టూ మూసుకునే గాగుల్స్ పెట్టుకుంటున్నాను. మోచేతి దాకా గ్లవ్స్, తెరిచిన కిటికీలు, పక్క గదిలో పిల్లలు, పెంపుడు జంతువులు. జోవాంథిడ్‌లని ముక్కలు చేయాలంటే ట్రేలో నీళ్లలోనే, బ్లేడుతో. తిరిగే రంపంతో వద్దు. అయిపోయాక కత్తి, ట్రే, గ్లవ్స్‌ని ఒక వంతు బ్లీచుకి పది వంతుల నీళ్లు కలిపి అరగంట పైనే నానబెట్టాలి. ఆ బ్లీచు దగ్గరికి పంపులు శుభ్రం చేసే వెనిగర్‌ని రానివ్వకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

రాళ్ల పని తర్వాత నోట్లో చేదు లేక లోహపు రుచి, పెదాల తిమ్మిరి, వణుకు జ్వరం, దగ్గు, ఛాతీ పట్టేయడం, కండరాల నొప్పి మొదలైతే ఇల్లు ఖాళీ చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఈ విషానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు, లక్షణాలని బట్టి వైద్యం చేస్తారు. మామూలు ఫ్లూ అనుకోకుండా ఉండాలంటే 'అక్వేరియం పగడం, పాలీటాక్సిన్' అని మీరే డాక్టరుకి చెప్పాలి. కంట్లో పడితే ధారగా పడే నీటితో పావుగంట కడిగి బయల్దేరండి.

చేతి మీద కోత ఉన్నప్పుడు గ్లవ్స్ లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టవద్దు. మైకోబ్యాక్టీరియం మరీనం అనే సూక్ష్మజీవి వల్ల వేలి మీద లేచే గడ్డ వారాల తరబడి మానదు. అలాంటిది కనిపిస్తే అక్వేరియం ఉందని డాక్టరుకి చెప్పండి. ఎరుపు గంటల్లో పాకుతూ జ్వరం వస్తే మాత్రం వెంటనే వెళ్లాలి. సైఫన్‌ని నోటితో పీల్చే అలవాటు మానేయండి. లయన్ ఫిష్ ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, చెయ్యి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత వైద్యుడికి చూపించండి.

నీళ్లు, మందులు, కొత్త జీవులు

ఉప్పు కలపడం ఎప్పుడూ విడి బకెట్‌లోనే. ముందు ఆర్‌ఓ డీఐ నీళ్లు (ఫిల్టర్లతో లవణాలన్నీ తీసేసిన శుద్ధమైన నీళ్లు), తర్వాత లీటరుకి సుమారు 35 గ్రాముల రీఫ్ ఉప్పు. పంపు పెట్టి బాగా తిప్పి, ట్యాంకు వేడికి సమానం చేసి పోయాలి. కుళాయి నీళ్లలోని క్లోరమైన్, రాగి పగడాలకి, రొయ్యలకి విషం. రోజూ ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలపని ఆర్‌ఓ డీఐ మంచినీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పునీళ్లు పోసినకొద్దీ ట్యాంకు చిక్కబడుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే.

సాంద్రత 1.025, 1.026 మధ్య, వేడి 24 నుంచి 27 డిగ్రీలు, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) 8, 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే డిగ్రీలు), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల్లో వంతులు). ఈ అంకెల్ని అందుకోవడం కంటే నిలబెట్టడం ముఖ్యం. ఆల్కలినిటీ తగ్గిందని ఒకేరోజు మూడు పాయింట్లు పెంచితే పగడాల కొనలు కాలినట్టు తెల్లబడతాయి. రోజుకి ఒక పాయింటు మించకండి. కాల్షియం, ఆల్కలినిటీ ద్రావణాల్ని ఒకేసారి ఒకేచోట పోస్తే సున్నంలా గడ్డకడతాయి. సున్నపు నీరు కలిపేటప్పుడు గాగుల్స్ మరవద్దు, దాని పీహెచ్ 12 దాకా ఉంటుంది. వేసవిలో 29, 30 డిగ్రీలు దాటి నిలిస్తే పగడం తనలోని నాచుని బయటికి నెట్టి పాలిపోతుంది. నీటి మీదకి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆవిరయ్యే నీళ్లు మాత్రం పెరుగుతాయి.

మొదటి జీవి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి చేరి అక్కడే నిలవాలి. కొత్త చేపని విడి ట్యాంకులో ఉంచి చూశాకే కలపాలి. తెల్లచుక్కల జబ్బు తెచ్చే క్రిప్టోకేరియన్ ఒకసారి రీఫ్‌లో చేరితే చేపలన్నిటినీ బయటికి తీసి సుమారు 11 వారాలు ట్యాంకుని చేపల్లేకుండా ఉంచాల్సి వస్తుంది. దానికి వాడే రాగి మందు విడి ట్యాంకులోనే వేయాలి. రీఫ్‌లో వేస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు పోతాయి, రాళ్లు ఆ రాగిని పట్టి ఉంచుకుంటాయి. ట్యాంకున్న గదిలో దోమల స్ప్రే కొట్టకండి.

గట్టి పగడాలన్నీ సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. సముద్రంలో విరిచి తెచ్చినవి కాకుండా ట్యాంకుల్లో పెంచిన ముక్కలే అడిగి, మీ దేశం చట్టం చూసుకుని కొనండి. వద్దనుకున్న నాచునీ జీవుల్నీ సముద్రంలోకో కాలువలోకో వదలకండి. కాలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు 1984లో మొనాకో తీరంలో చిన్న మడిగా కనిపించి, తర్వాత మధ్యధరా సముద్రంలో ఎన్నో చోట్లకి పాకింది.

చివరగా, ఊరెళ్లే ముందు స్టాండ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. ట్యాంకు మెయిన్ స్విచ్ ఎక్కడుంది, ఎయిర్ పంపు ఏ డబ్బాలో ఉంది, మంచినీళ్లు ఏ గీతదాకా పోయాలి, మేత రోజుకి ఎంత, మీ ఫోన్ నంబరు. కింద ఒక్క మాట: వాసన వచ్చినా, నీళ్లు కారినా ముందు మెయిన్ ఆపండి, చెయ్యి పెట్టవద్దు. ఆ కాగితం చదివించి, మీరు పక్కనుండగానే వాళ్లచేత ఒకసారి ఆ స్విచ్ ఆపించి చూడండి.