ఎల్‌సీ చేతికొచ్చిన రోజే ఏం చేయాలి? ఎగుమతిదారులకు ఒక లాయర్ చెప్పే దారి

శుక్రవారం సాయంత్రం గుంటూరు నుంచి ఒక మిర్చి ఎగుమతిదారు ఫైలు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. రెండు కంటైనర్ల తేజ మిర్చి చెన్నై పోర్టులో ఓడెక్కి బంగ్లాదేశ్‌లోని చట్టోగ్రామ్ చేరిపోయింది. సరుకులో వంక లేదు. అయినా అక్కడి బ్యాంకు డబ్బు ఇవ్వనంటోంది. ఫైలులో ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరైన పత్రాలు ఇస్తే డబ్బు ఇస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ) మూడు పేజీలు. మొదటి పేజీ చేతులు మారి మారి నలిగిపోయింది. మూడో పేజీ మాత్రం ప్రింటర్లోంచి ఇప్పుడే తీసినట్టు తెల్లగా ఉంది. అసలు సంగతి ఆ పేజీలోనే ఉంది. 48వ ఫీల్డ్‌లో, సరుకు ఓడెక్కిన 15 రోజుల్లోపు పత్రాలు ఇవ్వాలని రాశారు. వీళ్లు ఇచ్చింది 19వ రోజున.

"ఎప్పుడూ ఇరవై ఒక్క రోజులు ఉంటుంది కదా మేడం?" అన్నారాయన.

ఎల్‌సీలో ఏమీ రాయకపోతేనే 21 రోజులు. రాస్తే రాసిందే లెక్క. ఈలోగా అక్కడ మిర్చి ధర పడింది, కొనుగోలుదారు డిస్కౌంట్ ఇస్తేనే పత్రాలు తీసుకుంటానన్నాడు. చివరికి ఇవ్వక తప్పలేదు. నేను చేయగలిగింది ఆ డిస్కౌంట్ కాస్త తగ్గించడమే.

నేను పనిచేసే లా ఫర్మ్‌లో ట్రేడ్ ఫైనాన్స్ కేసులు సగానికి సగం ఇలా చేతులు కాలాకే వస్తాయి. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఎల్‌సీ విషయంలో లాయర్‌ని కలవాల్సింది బ్యాంకు కాదన్న రోజు కాదు, ఎల్‌సీ డ్రాఫ్ట్ వచ్చిన రోజు. ఆ రోజు నుంచి ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా చూద్దాం.

మొదటి పని: ఎల్‌సీ తెరవకముందే డ్రాఫ్ట్ అడగండి

ఎల్‌సీ అంటే కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే మాట. ఫలానా పత్రాలు, ఫలానా తేదీలోపు, ఫలానా రూపంలో ఇస్తే డబ్బు ఇస్తానని. బ్యాంకు మీ మిర్చి బస్తా విప్పి చూడదు, కాగితాలే చూస్తుంది. ప్రపంచంలో ఎల్‌సీలు చాలావరకు నడిచేది పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ రాసిన యూసీపీ 600 నియమాల మీద. 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి, మొత్తం 39 ఆర్టికల్స్. ఎల్‌సీ వేరు, అమ్మకం ఒప్పందం వేరు అని నాలుగో ఆర్టికల్, బ్యాంకుకు పత్రాలతోనే పని, సరుకుతో కాదని ఐదో ఆర్టికల్ చెబుతాయి. ఈ రెండూ అర్థమైతే మిగతాది సులువు.

ప్రొఫార్మా ఇన్వాయిస్ (అమ్మకానికి ముందు పంపే ధరల బిల్లు) పంపేటప్పుడే "ఎల్‌సీ తెరిచే ముందు డ్రాఫ్ట్ మాకు పంపాలి" అని ఒక లైను రాయండి. తెరిచాక మార్చాలంటే ఫీజు, రోజులు, బతిమాలుకోవడం. డ్రాఫ్ట్‌లో మార్చడానికి ఒక ఈమెయిల్ చాలు.

ఎల్‌సీ ఇచ్చే బ్యాంకు ఏ దేశంలో ఉందో కూడా ఇప్పుడే చూడాలి. 2022లో శ్రీలంకలో డాలర్లు నిండుకున్నాయి. ఆ ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టడం ఆపుతున్నట్టు ఆ దేశం ప్రకటించింది. అలాంటప్పుడు బ్యాంకు ఎంత నిజాయితీగా మాటిచ్చినా డాలర్ ఎక్కడి నుంచి తెస్తుంది? అనుమానం ఉంటే కన్ఫర్మ్‌డ్ ఎల్‌సీ అడగండి. అంటే మీకు నమ్మకమున్న రెండో బ్యాంకు తన సొంత మాట కూడా కలుపుతుంది. దానికి చార్జీ ఉంటుంది. ఆ చార్జీ ఎవరిదన్నది బేరంలోనే తేల్చుకోండి.

రెండో పని: చివరి పేజీ నుంచి చదవండి

ఎల్‌సీ స్విఫ్ట్ అనే బ్యాంకుల మెసేజ్ నెట్‌వర్క్ ద్వారా వస్తుంది, దాన్ని ఎంటీ 700 అంటారు. ప్రతి విషయానికీ ఒక ఫీల్డ్ నంబర్ ఉంటుంది. అందరూ 32బీలో ఉన్న మొత్తం చూసి సంతోషించి ఫైలు మూసేస్తారు. నేను మాత్రం 47ఏ నుంచి మొదలుపెడతాను. అదనపు షరతులన్నీ అక్కడే దాక్కుంటాయి.

అందులో ముందు వెతకాల్సింది, నెరవేరడం కొనుగోలుదారు చేతిలో ఉండే షరతులు. ఉదాహరణకు: "కొనుగోలుదారు ప్రతినిధి సంతకం చేసిన ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి, ఆ సంతకం మా బ్యాంకు రికార్డుతో సరిపోవాలి." చదవడానికి మామూలుగానే ఉంటుంది. కానీ మార్కెట్ పడిపోయిన రోజున ఆ ప్రతినిధి ఫోన్ ఎత్తడు. వచ్చి సంతకం చేసినా అది రికార్డుతో కలవదంటారు. పెట్టె మీ దగ్గర, తాళంచెవి వాళ్ల జేబులో. ఈ షరతు ఒప్పుకోవద్దు. పేరున్న స్వతంత్ర ఇన్‌స్పెక్షన్ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ పెట్టమనండి.

తర్వాత 31డీ. ఎల్‌సీ గడువు తేదీ, దాని పక్కనే గడువు ముగిసే చోటు. తేదీ అందరూ చూస్తారు, చోటు ఎవరూ చూడరు. చోటు ఢాకా అని ఉంటే ఆ తేదీలోపు పత్రాలు ఢాకాలో ఉండాలి. కొరియర్ ఆలస్యమైతే నష్టం మీదే. ఇండియా అని రాయించుకుంటే ఇక్కడి బ్యాంకులో ఇచ్చిన రోజే లెక్క. మా ఆఫీసులో డ్రాఫ్ట్ చూసేటప్పుడు ఎక్కువసార్లు మార్పించేది ఈ ఒక్క మాటే.

44సీలో సరుకు ఓడెక్కాల్సిన చివరి తేదీ, 48లో పత్రాలు ఇవ్వడానికి రోజులు, 43పీలో విడతలుగా పంపొచ్చా లేదా, 71డీలో చార్జీలు ఎవరివి అన్నవి ఉంటాయి. ఇవి చూసుకుని ముందుకు వెళ్లండి.

46ఏ దగ్గర మాత్రం ఆగాలి. కావాల్సిన పత్రాల జాబితా అదే. ఒక తెల్లకాగితం తీసుకుని పెళ్లి సామాను జాబితాలా రాయండి: ఏ పత్రం, ఎవరు ఇవ్వాలి, ఎన్ని ఒరిజినల్స్, ఎవరి సంతకం, ఏ తేదీలోపు. మిర్చికైతే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడెక్కిందని ఓడవాళ్లు ఇచ్చే పత్రం), సరుకు ఏ దేశానిదో చెప్పే ఆరిజిన్ సర్టిఫికెట్, తెగుళ్లు లేవని చెప్పే ఫైటో, పురుగులు పోవడానికి పొగ పెట్టినట్టు ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ మామూలే. ఒక్కో పత్రం పక్కన "ఇది నేను తేగలనా?" అని అడుగుతూ పోవాలి. తేలేనిది ఒక్కటి ఉన్నా అది ఎల్‌సీ కాదు, ఉత్త కాగితం. ఈ జాబితా సీహెచ్‌ఏకూ (కస్టమ్స్ పని చూసే ఏజెంటు), సరుకు రవాణా ఏర్పాటు చేసే ఫార్వర్డర్‌కూ, మీ అకౌంట్స్ కుర్రాడికీ తలా ఒక కాపీ ఇవ్వండి.

మూడో పని: మార్పులు బ్యాంకు ద్వారానే

"అన్నా, ఆ డేట్ సంగతి పర్లేదు, నువ్వు లోడ్ చేసెయ్" అని కొనుగోలుదారు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు. క్లయింట్లు దాన్ని నాకు వినిపించి "ఇది రుజువు కాదా?" అంటారు. కొనుగోలుదారు మీద దావాకి పనికొస్తుందేమో. బ్యాంకు దగ్గర మాత్రం దానికి చిల్లిగవ్వ విలువ లేదు. యూసీపీ పదో ఆర్టికల్ ప్రకారం ఎల్‌సీ మారాలంటే దాన్నిచ్చిన బ్యాంకు ఒప్పుకోవాలి, కన్ఫర్మ్ చేసిన బ్యాంకు ఉంటే అదీ ఒప్పుకోవాలి, మీరూ ఒప్పుకోవాలి. ఆ మార్పు ఎంటీ 707 అనే స్విఫ్ట్ మెసేజ్ రూపంలో వస్తుంది. అందులో మూడు మార్పులుండి రెండే మీకు నచ్చితే, రెండే తీసుకుంటానంటే కుదరదు. అన్నీ తీసుకోవాలి, లేదా అన్నీ వద్దనాలి.

ఎంటీ 707 రాకుండా కోల్డ్ స్టోరేజీ నుంచి లారీ కదలకూడదు. సీజన్‌లో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. అయినా ఇదే నా సలహా.

నాలుగో పని: లోడింగ్, తూకాలు, తేదీలు

ఎండుమిర్చి దారిలో తేమ పోయి తూకం తగ్గుతుంది. అందుకని ఎల్‌సీలో పరిమాణం ఎలా రాశారన్నది ముఖ్యం. "28 టన్నులు" అని ఉంటే 30వ ఆర్టికల్ ప్రకారం 5 శాతం అటూ ఇటూ చెల్లుతుంది. అంటే 1.4 టన్నుల వరకు తేడా వచ్చినా సమస్య లేదు. మొత్తం డబ్బు మాత్రం ఎల్‌సీలో ఉన్నదాన్ని దాటకూడదు, ఎల్‌సీలో ఈ తేడా కుదరదని రాసి ఉండకూడదు. అదే సరుకును "40 కిలోల బస్తాలు 700" అని లెక్కగా రాస్తే ఆ వెసులుబాటు లేదు. 699 బస్తాలు వెళ్తే డిస్క్రిపెన్సీయే, అంటే బ్యాంకు డబ్బు ఆపడానికి సరిపోయే తేడా. సరుకు ఒకటే, డబ్బు ఒకటే, రాసిన తీరుతో అంత తేడా.

ఇన్వాయిస్‌లో సరుకు వివరం ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలి. అక్కడ తేజ అని ఉంటే ఇక్కడ 334 అని మరో మిర్చి రకం పేరు రాయకూడదు. మిగతా పత్రాల్లో మామూలుగా "ఎండుమిర్చి" అన్నా చాలు, ఒకదానితో ఒకటి పొంతన తప్పకపోతే సరి. అర్థం మారని చిన్న అక్షర దోషానికి డబ్బు ఆపకూడదు. అయినా దాని మీద వాదించి గెలవడం కంటే ముందే దిద్దుకోవడం చవక.

ఇప్పుడు నాకు ఎక్కువ టెన్షన్ తెప్పించే విషయం. చివరి తేదీ 30 అయితే సరుకు 2న ఎక్కింది. "ఏజెంట్ మనవాడే మేడం, బీఎల్ మీద 30 వేసిస్తాడు, మనం ఒక ఇండెమ్నిటీ లెటర్ (నష్టం వస్తే మేం భరిస్తామన్న హామీ పత్రం) ఇస్తే చాలు" అంటారు. వద్దు. లండన్‌లో 1957లో ఒక కేసు తేలింది. కారుతున్న పాత పీపాల్లో నారింజ రసం ఓడెక్కింది. సరుకు బాగుందని ఓడవాళ్లు బీఎల్ రాసిచ్చారు, బదులుగా ఇండెమ్నిటీ లెటర్ తీసుకున్నారు. నష్టం వచ్చాక ఆ లెటర్ చూపించి డబ్బు అడిగితే కోర్టు చెల్లదంది. తెలిసి అబద్ధం రాసి దానికి హామీ తీసుకుంటే ఆ హామీకి విలువ లేదని. బ్రౌన్ జెంకిన్సన్ కేసు అంటారు. తప్పుడు తేదీ వేసిన బీఎల్‌ది కూడా అదే దారి. పైగా ఆ తేదీ అబద్ధమని తెలిసీ పత్రాలు ఇస్తే మీది మోసమవుతుంది, కొనుగోలుదారుకు డబ్బు ఆపించడానికి దారి దొరుకుతుంది. క్రిమినల్ కేసు భయం అదనం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. తేదీ దాటితే ఎంటీ 707 అడగాలి, అంతే.

ఐదో పని: పత్రాలు ఇచ్చాక క్యాలెండర్ చూడండి

బ్యాంకులో పత్రాలు ఇచ్చినప్పుడు తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. పత్రాలు అందిన మర్నాటి నుంచి బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు పనిదినాలు ఉంటాయి. ఎవరి పనిదినాలు అంటే ఆ బ్యాంకువి. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. కాబట్టి ఢాకా బ్యాంకుకు గురువారం అందితే లెక్క ఆదివారం మొదలై, మధ్యలో వేరే సెలవు లేకపోతే మరుసటి గురువారం సాయంత్రం ముగుస్తుంది. ఆ గురువారాన్ని క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టండి.

ఆరో పని: "కాదు" అని వస్తే

ముందు కొనుగోలుదారుకు ఫోన్ చేయకండి. కంగారులో "సరే, కొంత తగ్గిస్తాను" అనేస్తారు. అక్కడితో బేరం మీ చేతిలోంచి జారిపోతుంది. ముందు ఆ తిరస్కరణ మెసేజ్ కాపీ తీసుకుని లాయర్‌తో కూర్చోండి. మేం చూసేది యూసీపీ 16వ ఆర్టికల్‌ని బట్టి. ఐదో పనిదినం దాటకుండా పంపారా? తప్పులన్నీ ఒకే నోటీసులో చెప్పారా? పత్రాలు తమ దగ్గరే ఉంచారా, తిప్పి పంపుతున్నారా అన్నది రాశారా? వీటిలో ఏది తప్పినా, పత్రాల్లో లోపం నిజంగా ఉన్నా సరే, ఆ లోపం ఎత్తిచూపే హక్కు బ్యాంకుకు పోతుంది. మొదటి నోటీసులో రెండు తప్పులు చెప్పి, వారం తర్వాత మూడోది గుర్తొచ్చిందంటే అది చెల్లదు. లా ఫర్మ్ అసలు పనికొచ్చేది ఇక్కడే: నోటీసు వచ్చిన గంట, పత్రాలు అందిన రోజు, సెలవుల పట్టిక పక్కపక్కన పెట్టుకుని, మీ బ్యాంకు ద్వారా వాళ్లకు పంపాల్సిన జవాబు రాస్తాం.

నోటీసు సరిగానే ఉంటే రెండో ప్రశ్న: ఇంకా గడువు ఉందా? ఉంటే తప్పున్న పత్రాన్ని దిద్దించి మళ్లీ ఇవ్వొచ్చు. ముందుగా ఇచ్చిన వాళ్లకే ఈ అవకాశం, ఆఖరి రోజున ఇచ్చిన వాళ్లకు ఉండదు.

గడువూ లేకపోతే ఇక బేరమే. కొనుగోలుదారు ఆ తప్పు వదిలేస్తానన్నా, ఎల్‌సీ ఇచ్చిన బ్యాంకు కూడా సరే అనాలి. బీఎల్ ఎవరి పేరున ఉందో చూడాలి. ఆ బ్యాంకు ఆర్డర్ మీద ఉంటే, వాళ్లు దాని వెనక సంతకం పెట్టి హక్కు బదిలీ (ఎండార్స్) చేసిస్తే తప్ప సరుకు వేరేవాళ్లకు అమ్మలేరు. పోర్టులో కంటైనర్ అద్దె రోజురోజుకీ పెరుగుతుంటుంది. ఈసీజీసీ (ఎగుమతుల చెల్లింపులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ ఉంటే వెంటనే వాళ్లకు తెలియజేయండి. వివాదం పూర్తిగా పత్రాల మీదే అయితే కోర్టుకు వెళ్లకుండా ఇంటర్నేషనల్ చాంబర్ వారి డాక్‌డెక్స్‌కు పంపొచ్చు. అక్కడ నిపుణులు కాగితాలు మాత్రమే చూసి అభిప్రాయం చెబుతారు.

దిగుమతి చేసుకునే వైపు ఉండి డబ్బు ఆపాలనుకునే వాళ్లకు ఒక మాట. కోర్టులు అంత తేలిగ్గా ఆపవు. ఫరక్కా బ్యారేజీ పనుల కోసం రష్యన్ యంత్రాలు కొన్న మద్రాసు కంపెనీ, యంత్రాలు సరిగా పనిచేయడం లేదంటూ ఎల్‌సీ చెల్లింపు ఆపమని వెళ్తే 1960ల చివర్లో సుప్రీంకోర్టు కాదంది. సరుకు నాసిరకం అన్నది చాలదు, మోసం ఉండాలి. 1941 నాటి న్యూయార్క్ కేసు ఒకటి ఇప్పటికీ చాలా దేశాల్లో ఉదహరిస్తారు. లక్నో కంపెనీ ఒకటి బ్రష్షుల వెంట్రుకలకు బదులు ఆవు వెంట్రుకలు, చెత్త నింపి పంపిందన్నది ఆరోపణ. అది నిజమైతే డబ్బు ఆపొచ్చని కోర్టు అంది.

లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఎల్‌సీ అన్ని పేజీలు, వచ్చిన మార్పులన్నీ, ఇచ్చిన పత్రాల కాపీలు, బ్యాంకు రసీదు, తిరస్కరణ మెసేజ్, కొనుగోలుదారుతో మెసేజ్‌లు తేదీల వారీగా తీసుకెళ్లండి. డ్రాఫ్ట్ చూసిపెట్టడానికి ఎంత, వివాదం నడపడానికి ఎంత అని ఫీజు విడివిడిగా అడగండి. మొదటిదానికి ఒకే మొత్తం మాట్లాడుకోవచ్చు.

ఆ గుంటూరు క్లయింట్ ఇప్పుడు ఎల్‌సీ డ్రాఫ్ట్ రాగానే, రాత్రి పదిన్నర అయినా సరే, ఫొటో తీసి పంపుతారు. మొన్న వచ్చినదాంట్లో గడువు ముగిసే చోటు ఢాకా అని ఉంది, 48లో 10 రోజులే ఉంది. రెండూ మార్చమని రాశాం. నాలుగో రోజు కొత్త డ్రాఫ్ట్ వచ్చింది: చోటు ఇండియా, 21 రోజులు. చివరి పేజీ కూడా ప్రింట్ తీసి, దాని మీద పెన్నుతో గీతలు పెట్టి మరీ తెచ్చారాయన.