సింహాచలం అనాసతో జెల్లీ గట్టిపడాలంటే ఏం చేయాలి?

సింహాచలం అనాసపండ్లు బజారుకు వచ్చే రోజుల్లో విశాఖపట్నంలో చాలామంది ఇంట్లో జెల్లీ చేయబోతారు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా అది నీళ్లలాగే ఉండిపోతే జెల్లీని గడ్డకట్టించే జెలటిన్ పొడి పాతదై ఉంటుందని నిందిస్తారు. లోపం జెలటిన్‌లో లేదు, రసాన్ని మరిగించకపోవడంలో ఉంది.

అనాస రసం 500 మిల్లీలీటర్లు, పంచదార 80 గ్రాములు, రుచీ వాసనా లేని జెలటిన్ పొడి 15 గ్రాములు, ఒక స్టీలు గిన్నె, ఒక జల్లెడ చాలు. ప్యాకెట్ మీద ఇంతకంటే తక్కువ కొలత ఉన్నా, మన ఊరి ఎండకు 15 గ్రాములకు తగ్గకూడదు. బ్లూమ్ సంఖ్య ముద్రించి ఉంటే 200 దాటినదే కొనాలి. ఆ సంఖ్య పెరిగేకొద్దీ జెల్లీ బిగువుగా కడుతుంది.

ముందుగా 75 మిల్లీలీటర్ల చల్లని నీటి మీద పొడిని పలుచగా చల్లి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. వేడినీటిలో వేస్తే పైపొర కరిగి, లోపల పొడి ఉండలుగా మిగిలిపోతుంది. చల్లని నీటిలో నానే పొడిలాగే ఫొటో ఫిల్మ్ మీది జెలటిన్ పొర కూడా ద్రావణాన్ని పీల్చుకుని ఉబ్బడం వల్లనే, బొమ్మను బయటపెట్టే డెవలపర్ అనే రసాయనం లోపలి వెండి లవణాలను చేరగలుగుతుంది.

అసలు జాగ్రత్త రసం దగ్గర పడాలి. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మాలలోని కొల్లాజెన్ నుంచి తీసే మాంసకృత్తు. పచ్చి (అంటే ఉడికించని) అనాసలోని బ్రోమెలైన్ అనే ఎంజైము మాంసకృత్తులను తెంచివేస్తుంది కాబట్టి, పచ్చిరసంలో ఎంత జెలటిన్ కలిపినా అది గడ్డకట్టదు. రసం గోరువెచ్చనైతే చాలుననుకోవడం మరీ పొరపాటు, ఎందుకంటే ఆ వేడిలో ఎంజైము ఇంకా చురుకుగా పనిచేస్తుంది. పంచదార కలిపిన రసాన్ని అయిదు నిమిషాలు కళపెళ మరిగించాలి. ముక్కలు వేయదలిస్తే వాటినీ నడిమధ్య వరకు ఉడకనివ్వాలి. అలంకరణ కోసం పైన పెట్టిన ఒక్క పచ్చిముక్క కూడా తన చుట్టూ ఉన్న జెల్లీని నీరు చేస్తుంది. పచ్చి బొప్పాయితోనూ, పచ్చి అల్లంతోనూ ఇదే చిక్కు.

మరిగించవలసింది రసాన్నే, జెలటిన్‌ను కాదు. పులుపు ఉన్న రసంలో ఎక్కువసేపు మరిగితే జెలటిన్ పట్టు తగ్గిపోతుంది. అందుచేత స్టవ్ ఆపి, మరుగు పూర్తిగా అణిగాక, నానిన జెలటిన్ వేసి కరిగేవరకు మెల్లగా కలిపి వడగట్టాలి.

చల్లారాక నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మంచు పలుకులు అల్లికను చీల్చి నీరు కార్చేస్తాయి. జెలటిన్ 35 డిగ్రీల లోపే కరుగుతుంది కనుక తినబోయే ముందే బయటికి తీయాలి. నోటి వెచ్చదనానికే కరిగే ఆ గుణం జెలటిన్‌కు బదులుగా వాడే చైనా గ్రాస్‌కు లేదు, అందుకే నేను జెలటిన్‌నే ఎంచుకుంటాను. మందుల క్యాప్సూల్ తొడుగులకు దీన్ని వాడడానికీ శరీరపు వెచ్చదనంలో కరిగే ఈ లక్షణం ఒక కారణం.

శాకాహారులకు మాత్రం ఇందులో జెలటిన్ ఉందని ముందే చెప్పి, వారికి చైనా గ్రాస్‌తో వేరుగా చేసి పెట్టాలి. అది సముద్రపు నాచు నుంచి వచ్చేదే తప్ప మాంసకృత్తు కాదు కాబట్టి, పచ్చి అనాస దాన్ని ఏమీ చేయలేదు.