డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టిన ఇంట్లో మొదటి నెల

నేను జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీలో స్టాఫ్ నర్సుని. డాక్టరుగారు రాసిన చీటీ పట్టుకుని బయటికొచ్చిన పేషెంటుకీ, వెంట వచ్చినవాళ్ళకీ ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో చెప్పి పంపిస్తాను. డిప్రెషన్‌తో వచ్చినవాళ్ళలో చాలామంది రెండోసారి రారు. వైద్యం మొదటి వారాల్లో ఎలా నడుస్తుందో తెలియక, "ఈ మందులు పడలేదు" అనుకుని ఇంట్లోనే ఆపేస్తారు. ఆ నెల గట్టెక్కితే చాలామంది కోలుకోవడం కళ్ళారా చూస్తున్నాను. అందుకే ఇది పేషెంటు పక్కన ఉండే భార్య కోసం, కొడుకు కోసం, అక్క కోసం రాస్తున్నాను.

ముందు, ఎప్పుడు తీసుకురావాలి? మన దగ్గర "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పేవాళ్ళు తక్కువ. గుండె దడ అంటారు. తల బరువు, కడుపులో మంట, ఒళ్ళంతా లాగేస్తోంది అంటారు. ఈసీజీ, స్కానింగు, ఎండోస్కోపీ అన్నీ అయ్యి, అన్నీ నార్మల్ అని తేలాక ఎవరో చెబితే మా గదికి వస్తారు. ఆ నొప్పులు నటన కాదు, డిప్రెషన్‌లో ఒళ్ళు నిజంగానే నొప్పి పెడుతుంది. రెండు వారాలుగా దాదాపు రోజూ మనిషి దిగాలుగా ఉన్నా, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకపోయినా, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోయినా, తిండి తగ్గినా, "నేనెందుకూ పనికిరాను" అనే మాట పదే పదే వస్తున్నా తీసుకురండి. పంట చేతికొచ్చాక చూద్దాం, పిల్ల పెళ్ళయ్యాక చూద్దాం అని ఆగొద్దు. చావు మాట ఎత్తితే రెండు వారాలు చూడక్కర్లేదు, అదే రోజు రండి.

"పద, బీపీ చూపించుకుందాం" అని చెప్పి మా గదికి తెచ్చేవాళ్ళుంటారు. దయచేసి అలా చేయొద్దు. బయట బోర్డు చదివిన క్షణం నుంచి పేషెంటు మిమ్మల్ని నమ్మడం మానేస్తారు, ఇక మీ చేతి మీదుగా బిళ్ళ వేసుకోరు. ఉన్నదున్నట్టు చెప్పండి: "వదినా, నువ్వు సరిగ్గా నిద్రపోయి నెల అవుతోంది. నిన్ను చూస్తే నాకు బెంగగా ఉంది. నిద్రకీ మనసుకీ చూసే డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను." మొదటిసారి కాదంటే వదిలేసి, రెండు రోజులాగి మళ్ళీ అడగండి. గుడికో దర్గాకో వెళ్ళి తాయెత్తు కట్టించుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు, తాయెత్తుతో పాటు బిళ్ళలూ వేసుకుంటే చాలు. కొట్టడం, కట్టేయడం, పస్తులు పెట్టడం ఉన్న చోటికి మాత్రం ఎవరు చెప్పినా తీసుకెళ్ళొద్దు.

వచ్చే ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద కొన్ని సంగతులు రాసుకోండి. ఎప్పుడు మొదలైంది, పడుకునేదెప్పుడు, లేచేదెప్పుడు, తిండి ఎలా ఉంది, తాగుడు అలవాటుందా, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా. షుగరుకీ, బీపీకీ, థైరాయిడ్‌కీ వాడుతున్న మందుల అట్టలన్నీ ఒక కవర్లో వేసి తెండి. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కునే బిళ్ళలు, గుండెకు వాడే ఆస్పిరిన్ కూడా అందులో ఉండాలి. వాటిని డిప్రెషన్ మందులతో కలిపి వాడితే రక్తస్రావం అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది. గర్భిణి అయినా, బాలింత అయినా ముందే చెప్పాలి. ఇంకొకటి చాలామంది చెప్పరు. ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర లేకుండానే హుషారుగా ఉండి, గలగలా మాట్లాడుతూ, ఇష్టమొచ్చినట్టు డబ్బు ఖర్చుపెట్టిన కాలం ఉందా? ఉంటే అది బైపోలార్, అంటే కొన్నాళ్ళు దిగులు, కొన్నాళ్ళు అతి హుషారు వచ్చే జబ్బు కావచ్చు. మామూలు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే వాళ్ళకి ఆ హుషారు మళ్ళీ పైకి లేచే ప్రమాదం ఉంది. డాక్టరు అడగకపోయినా మీరు చెప్పండి.

వెంట ఒక్కరు రండి, ఇద్దరైనా పరవాలేదు. ఆరుగురొచ్చి అందరూ ఒకేసారి మాట్లాడితే పేషెంటు నోరు విప్పరు. డాక్టరు మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే కోపం తెచ్చుకోవద్దు, అత్తగారి ముందు చెప్పలేని మాట ఏ కోడలికైనా ఉంటుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు రాస్తే చేయించండి, వాటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే నీరసించిపోతారు. "ఇక్కడికొచ్చామని ఊళ్ళో తెలిస్తే సంబంధాలు రావు సిస్టర్" అని తల్లులు నా చెయ్యి పట్టుకుని అడుగుతారు. పేషెంటు వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. మీ చీటీలో ఏముందో మేము ఎవరికీ చెప్పం.

ఇప్పుడు మందుల సంగతి. చాలామందికి ముందు రాసేది ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. జ్వరం బిళ్ళలా గంటలో పనిచేసే మందులు కావివి. మార్పు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. చిక్కంతా ఇక్కడే ఉంది. మేలు నెమ్మదిగా వస్తుంది గానీ ఇబ్బందులు మొదటి రోజుల్లోనే వస్తాయి. కడుపులో వికారం, ఒకటి రెండుసార్లు విరేచనాలు, తలనొప్పి, కొందరికి నిద్ర మత్తు, కొందరికి ఉన్న నిద్ర కూడా పోవడం. ఈ మందులు పనిచేసేది నరాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం మీద, మన ఒంట్లో సెరటోనిన్ ఎక్కువగా ఉండేది పేగుల్లో, అందుకే ముందు కడుపు గొడవ చేస్తుంది. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిద్ర పట్టకపోతే పొద్దున, మత్తుగా ఉంటే రాత్రి వేసుకునేలా డాక్టరుని అడిగి మార్చుకోవచ్చు. వారం పది రోజుల్లో ఇవి చాలామందికి సర్దుకుంటాయి. సరిగ్గా ఆ పదో రోజుకే ఇంట్లో పెద్దలు "బాగుపడకపోగా కొత్త రోగాలొచ్చాయి, ఆపేయ్" అంటారు. ఆ మాట వస్తుందని ముందే తెలిసి ఉండండి. వచ్చినప్పుడు ఆపకుండా ఫోను చేయండి, లేదా చీటీ పట్టుకుని వచ్చేయండి.

కొన్నిటికి మాత్రం ఎదురుచూడొద్దు. ఒంటి మీద దద్దుర్లు, ఒకచోట కూర్చోలేనంత గాభరా, నిద్ర అవసరమే లేనంత హుషారు, అరవై దాటినవాళ్ళలో కొత్తగా తికమక మాటలు కనిపిస్తే వెంటనే చూపించాలి. పెద్దవాళ్ళకి ఈ మందులతో రక్తంలో సోడియం అనే లవణం తగ్గి ఆ తికమక రావచ్చు, దాన్ని మనం వయసు మీద తోసేస్తుంటాం. ఒక పూట బిళ్ళ మర్చిపోతే మర్నాడు రెండు వేయొద్దు. దాంపత్యంలో ఆసక్తి తగ్గడం కూడా ఈ మందుల వల్ల రావచ్చు, సిగ్గుపడి మందు మానేసే బదులు డాక్టరుకి చెబితే మార్గముంది. శృంగారం గురించి అడగడానికి మొహమాటపడితే నాకు చెప్పండి, నేను లోపల చెబుతాను.

కొందరికి మొదట్లో నిద్ర కోసం క్లోనజెపామ్ లాంటి చిన్న బిళ్ళ కొద్ది రోజులకు రాస్తారు. అది రాత్రికి రాత్రే పనిచేస్తుంది కాబట్టి జనం దాన్నే అసలు మందు అనుకుంటారు. అసలు మందు మానేసి, పాత చీటీ చూపించి ఇదొక్కటే నెలల తరబడి కొనుక్కుంటారు. ఇది అలవాటు పడే మందు. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్ కలిపే సంగతి మీరు వినే ఉంటారు, ఆ కల్లు ఒక్కసారిగా దొరక్కపోతే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రుల పాలైనవాళ్ళున్నారు. ఆ ఆల్ప్రజోలామ్, ఈ క్లోనజెపామ్ ఒకే జాతి మందులు. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులే వాడి, ఆయన చెప్పినట్టే తగ్గించాలి. సారా, బీరు ఏదైనా సరే, ఈ నెల ఇంట్లోకి రానివ్వొద్దు.

ఇది చదవడానికి కష్టంగా ఉన్నా చదవండి. మందులు మొదలైన తొలి వారాల్లో కొందరికి మనసు ఇంకా తేలికపడకముందే ఒంట్లోకి ఓపిక వస్తుంది, చావు ఆలోచన ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. ముఖ్యంగా పాతికేళ్ళలోపు పిల్లల్ని ఆ రోజుల్లో దగ్గరుండి కనిపెట్టుకోవాలి. బిళ్ళల అట్టలు మీ దగ్గర పెట్టుకుని రోజుకి రోజు చేతికివ్వండి. పొలం ఉన్న ఇళ్ళలో పురుగుమందు డబ్బాలు ఇంట్లో, చూరులో, పశువుల పాకలో ఎక్కడున్నా తీసి ఈ కొన్నాళ్ళూ వేరేవాళ్ళింట్లో తాళం వేసి పెట్టించండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ప్రాణాలు కాపాడేది ఇదే. అనుమానం వస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు, అలా పుట్టదు. ఎవరో ఒకరు అడిగారని చాలామంది ఏడ్చి తేలికపడతారు. అవునంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి, ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకురండి. రాత్రి పూట ఏం చేయాలో తోచకపోతే 14416కి ఫోను చేయండి. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం కనిపిస్తే ఫోన్లో మాటలతో ఆగకుండా 108 పిలవండి.

ఇంట్లో రోజు ఎలా గడపాలి? "ధైర్యంగా ఉండు", "నీకేం తక్కువ", "మనసు గట్టి చేసుకో" అన్న మాటలు ఈ నెల పక్కన పెట్టండి. గట్టి చేసుకోగలిగితే వాళ్ళు ఎప్పుడో చేసుకునేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ తమదే తప్పన్న భావం ఇంకా పెరుగుతుంది. మాట కన్నా పక్కన ఉండి చేసే పని ఎక్కువ సాయం చేస్తుంది. డిప్రెషన్‌లో మనసొచ్చాక పని చేద్దాం అనుకుంటే మనసు రాదు. ముందు పని జరగాలి, ఆ తర్వాతే మనసు కొంచెం కదులుతుంది. కౌన్సెలింగులో కూడా ఈ పద్ధతినే నేర్పిస్తారు. అందుకని రోజుకి ఒక్క పని, అదీ చాలా చిన్నది పెట్టుకోండి. తోటకూర ముందు పెట్టి ఇద్దరూ కలిసి ఒలవండి. వీధి చివర దాకా వెళ్ళి పాల ప్యాకెట్ తేవడం, తులసి మొక్కకి నీళ్ళు పోయడం, గేదెకి మేత వేయడం లాంటివి. "స్నానం చెయ్యి" అని పదిసార్లు చెప్పేకన్నా నీళ్ళు కాచి, తువ్వాలు అందిస్తే లేస్తారు. రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున ఒకే వేళకి లేపి, ఎండలో పావుగంట కూర్చోబెట్టండి. మధ్యాహ్నం పడుకుంటే అరగంట చాలు. చేయలేకపోయిన రోజు మాట్లాడకుండా వదిలేయండి, మర్నాడు ఇంకా చిన్న పని పెట్టండి.

పలకరింపుకి వచ్చే చుట్టాల్ని ఈ నెల మీరే ఆపాలి. మేనత్త వచ్చి అరగంట సేపు "అయ్యో, ఎలా ఉండేదానివి ఎలా అయిపోయావే" అంటే ఆ రోజు చేసిందంతా వృథా. గడప దగ్గరే చెప్పేయండి: "అత్తా, కాఫీ తాగి, వంట గురించో సీరియల్ గురించో మాట్లాడి వెళ్ళు, ఒంటి సంగతి ఎత్తకు." ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళని కూర్చోబెట్టి, అమ్మకి ఒంట్లో బాగోలేదు, మందులు వేసుకుంటోంది, నీ అల్లరి వల్ల వచ్చింది కాదు అని చెప్పండి. పిల్లలు అడగరు గానీ తమ వల్లేనని అనుకుంటూ ఉంటారు.

మీరూ మనిషే. రాత్రుళ్ళు కాపలా ఒక్కరే కాయొద్దు, వంతులు వేసుకోండి. విసుగు వస్తే పెరట్లోకి వెళ్ళి పది నిమిషాలుండి రండి. 14416కి పేషెంట్లే కాదు, చూసుకునేవాళ్ళు కూడా ఫోను చేయవచ్చు.

రెండో వారమో మూడో వారమో చిన్న గుర్తులు కనిపిస్తాయి. సాధారణంగా ముందు మీరే గమనిస్తారు, పేషెంటు "ఏం మారలేదు" అంటూనే ఉంటారు. ఇంకో ముద్ద తింటారు, మీ మాటకి తలెత్తి చూస్తారు, టీవీలో వస్తున్నదాని గురించి ఏదో అడుగుతారు. అవి తేదీతో సహా రాసిపెట్టుకుని డాక్టరుకి చూపించండి. డోసు పెంచాలా, మందు మార్చాలా అని తేల్చడానికి ఆయనకి అవి కావాలి. నాలుగు వారాలు సరిగ్గా వేసుకున్నా ఏ మార్పూ లేకపోతే కూడా రండి. ఒక మందు పనిచేయకపోతే ఇంకొకటి ఉంది.

బాగైపోయాక ఇంకో గండం ఉంది. హాయిగా ఉంది కదా అని ఆపేస్తారు. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఇంతకుముందు కూడా వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ కాలం. ఒక్కసారిగా మానేస్తే కళ్ళు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, చిరాకు వస్తాయి, అందుకే డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. తగ్గించే సమయం వచ్చినప్పుడు మీ ఇంటి సంగతులు ఆయనకి చెప్పండి. కోతల రోజులు, పిల్ల పరీక్షలు, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న నెల అయితే ఆ నెల దాటాక మొదలుపెట్టమని అడగవచ్చు. అట్టలో ఇంకా నాలుగైదు రోజుల బిళ్ళలు మిగిలి ఉండగానే ఓపీకి రండి, పండగ సెలవులు అడ్డొచ్చినా మందు ఆగకుండా ఉంటుంది.